ఓడిపోలేని ప్రెసిడెంటు

మంత్రిగారు ఎక్కాల్సిన విమానం పొగమంచు వల్ల ఆలస్యమైంది. ఆ పొగమంచే లేకపోతే గోదావరి పాయ అవతల కొంగలంకలో గుత్తుల నూకరత్నం హాయిగా పెసరట్లు వేసుకుంటూ, మధ్యమధ్యలో ఊరిని పరిపాలించుకుంటూ ఉండేది.

ఆయన ఆదర్శ నాయకత్వ శాఖ మంత్రి. మంత్రివర్గంలో అందరికీ శాఖలు పంచేశాక ఒకాయన మిగిలిపోతే, ఆయన కోసం కొత్తగా పుట్టించిన శాఖ అది. దానికి కారు ఉంది, కుర్చీ ఉంది, గుమ్మానికి ఇత్తడి బోర్డు ఉంది. పనొక్కటే లేదు. విమానాశ్రయంలో కూర్చుని కూర్చుని విసుగెత్తి, ఆయన పక్కనున్న దుకాణంలో ఒక వ్యక్తిత్వ వికాస పుస్తకం కొన్నారు. పదో తరగతి తర్వాత ఆయన కొన్న మొదటి పుస్తకం కావడంతో, అందులో ఉన్నదంతా అక్షరాలా నమ్మారు.

అది వెనకటి అమెరికా ప్రెసిడెంటు ఒకాయన జీవిత కథ. పాపం ఆయన దుంగల గుడిసెలో పుట్టాడట. పొయ్యి మంట వెలుగులో చదువుకున్నాడట. కట్టెలు కొట్టాడట. కొట్టు పెడితే దివాలా తీసిందట. నిలబడ్డ ఎన్నికల్లో చాలావాటిలో ఓడిపోయాడట. ఆఖరికి ఎవరో చిన్నపిల్ల సలహా మీద గడ్డం పెంచి, ప్రెసిడెంటు అయిపోయాడట. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి పొగమంచు విడిపోయి విమానం పిలిచారు. ప్రెసిడెంటు అయ్యాక ఆయన ఏం చేశాడో, ఆయనకు ఏం జరిగిందో మన మంత్రిగారికి ఇప్పటికీ తెలియదు.

గోదావరి జిల్లాల్లో సర్పంచిని సర్పంచి అని ఎవరూ అనరు. ప్రెసిడెంటుగారు అంటారు. మంత్రిగారిదీ ఆ ప్రాంతమే. ఆయన సీటు బెల్టు పెట్టుకుంటూ తన కార్యదర్శిని అడిగారు.

“ఏవయ్యా, అమెరికాలో ప్రెసిడెంటు అవ్వాలంటే ఇన్ని కష్టాలు పడాలే! మన ప్రెసిడెంట్లు ఏం పడ్డారయ్యా? పోస్టు ఒకటే గదా?”

రెండు పోస్టులూ ఒకటి కాదని కార్యదర్శికి తెలుసు. రిటైర్మెంటు దగ్గర పడిందనీ తెలుసు. “నిజమే సార్” అన్నాడు.

ఆ ‘నిజమే సార్’ తర్వాత జీవో అయి బయటికి వచ్చింది. ఇకమీదట పంచాయతీ ప్రెసిడెంటుగా పోటీ చేయదలచినవారు సదరు అమెరికా ప్రెసిడెంటు జీవితానికి ‘సారూప్యత’ చూపాలి. గుడిసెలో పుట్టి ఉండాలి, పొయ్యి మంట కాకపోతే దీపం వెలుగులోనైనా చదివి ఉండాలి, అన్నిటికన్నా ముఖ్యంగా కనీసం ఒక్క ఎన్నికలోనైనా ఓడిపోయి ఉండాలి. ఈ నిబంధన ఎమ్మెల్యేలకూ మంత్రులకూ వర్తిస్తుందా అని ఒక విలేకరి అడిగితే, పుస్తకంలో ప్రెసిడెంటు అని మాత్రమే ఉందని శాఖ జవాబిచ్చింది.

కొంగలంకలో ఆ మాట విన్నప్పుడు నూకరత్నం పాయ ఒడ్డున గొడుగు వేసుకుని నిలబడి ఉంది. నీళ్లలో వంతెన స్తంభాలు లేచి నిలబడ్డాయి. పైన స్లాబు పడాలి. ఊళ్లో పుట్టినవాళ్లందరూ ఇంతకాలం నాటుపడవ మీదే ఆసుపత్రికీ బడికీ సంతకీ వెళ్లారు. వరద వస్తే ఎక్కడివాళ్లు అక్కడే. ఆ వంతెనను ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి తెచ్చింది నూకరత్నమే. కాంట్రాక్టరు దేవుడికి భయపడడు, ఇంజినీరుకు భయపడడు, నూకరత్నం గొడుగుకు భయపడతాడు. గొడుగు ఒడ్డున కనిపించినంతసేపూ సిమెంటు పాళ్లు సరిగ్గా పడతాయి. ఎన్నికలు దగ్గర పడుతున్నాయి కాబట్టి, ఆవిడ దిగిపోతే ఇసుక ఎక్కువ కలిపి, బిల్లు చేసుకుని, చల్లగా జారుకుందామని అతని ఆశ. ఆ సంగతి నూకరత్నానికి తెలుసు. స్లాబు పడేదాకా తను ప్రెసిడెంటుగా ఉండి తీరాలి, అంతే.

సారూప్యత పరిశీలనకు తంగిరాల దక్షిణామూర్తిగారని ఒక అధికారి పడవలో వచ్చారు. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ మడత నలగకుండా ఉంటారు. జీవోలు రాసీ రాసీ ఆయన మాట కూడా జీవో అయిపోయింది. నూకరత్నం పెసరట్ల కొట్టు ముందు బల్ల మీద కూర్చుని, “ప్రయాణం సురక్షితముగా ముగించడమైనది. అల్లం పచ్చడి కించిత్తు అదనముగా మంజూరు చేయవలసినది” అన్నారు.

నూకరత్నం మంజూరు చేసింది.

“తమరి జన్మస్థలము గుడిసెయేనా?”

“కాదండి. గవర్నమెంటాసుపత్రండి.”

ఆయన ముఖం కొంచెం చిన్నబోయింది. “పైకప్పు కారుచుండెడిదా?”

“కారడవేంటండి బాబూ! నేను పుట్టినప్పుడు మా అమ్మ మంచం మీద మా నాన్న గొడుగట్టుకుని నిలబడ్డాడంట.”

“అటులైన సదరు ఆసుపత్రిని గుడిసెతో సమానముగా పరిగణించడమైనది” అన్నారు దక్షిణామూర్తిగారు సంతోషంగా. “తదుపరి. దీపపు వెలుగులో విద్యాభ్యాసము?”

“ఎప్పుడూ కరెంటు పోయేదే గదండి. బుడ్డి పెట్టుకునే చదివేను.”

“ఇందులో చిక్కు ఉన్నది. విద్యుత్తు శాఖను సంప్రదించగా, ఈ మండలమున కరెంటు పోయిన సందర్భము శాఖ పుట్టినది మొదలు ఒక్కటియు లేదని తెలియజేయడమైనది.”

ఆయన ఆ మాట అంటుండగానే కొట్లో ఫ్యాను ఆగిపోయింది. దక్షిణామూర్తిగారు పైకి చూశారు. నూకరత్నమూ చూసింది.

“దీపము విషయము ఆమోదించడమైనది” అన్నారాయన చెమట తుడుచుకుంటూ. “ఇక గడ్డము.”

“గడ్డవేంటండి?”

“మాతృకలో గడ్డము ఉన్నది. మహిళలకు సడలింపు కోరుతూ ప్రధాన కార్యాలయమునకు వ్రాయడమైనది. జవాబు వచ్చువరకు తమరు గడ్డము పెంపకమును వాయిదా వేసుకొనవచ్చును.”

“అలాగేనండి, ఆపుకుంటాను” అంది నూకరత్నం.

లోపల పప్పు రుబ్బుతున్న మొగుడు సూరయ్యకు దగ్గొచ్చింది. అది దగ్గు కాదని నూకరత్నానికి తెలుసు.

“చిట్టచివరిది, అతి ముఖ్యమైనది. తమరు ఏయే ఎన్నికలలో ఓడిపోయి ఉన్నారు?”

నూకరత్నం అట్లకాడ పట్టుకుని ఆలోచించింది. వార్డు మెంబరుగా నిలబడితే గెలిచింది. బడి కమిటీలో గెలిచింది. ప్రెసిడెంటుగా గెలిచింది. చిన్నప్పుడు బళ్లో ముగ్గుల పోటీలో కూడా ఫస్టే వచ్చింది. “ఎందులోనూ లేదండి.”

“వైఫల్యము లేకపోవుట తమరి జీవితమందలి పెద్ద వైఫల్యము” అన్నారాయన బాధగా.

“అయితే ఆ వైఫల్యాన్నే రాసేసుకోండి.”

“అది లెక్కకు రాదు” అని ఆయన చెయ్యి కడుక్కున్నారు.

కొంగలంకలో ఓడిపోయిన మనిషి ఒక్కడే ఉన్నాడు. వాసంశెట్టి అబ్బులు. ఏ ఎన్నిక వచ్చినా, ఎవరు నిలబడినా, ఎదురుగా అబ్బులు నిలబడతాడు. పోతాడు. డిపాజిట్ కూడా పోతుంది. అందుకే ఊరంతా డిపాజిట్ అబ్బులు అంటారు. ఊరి ఓటములన్నీ అతనొక్కడే గుత్తకు తీసుకున్నట్టు ఉండడం వల్ల, మిగతావాళ్లెవరికీ ఓడిపోయే అవకాశం రాలేదు. దానికి తోడు అబ్బులు పుట్టింది తాటాకు గుడిసెలో. చదివింది బుడ్డి వెలుగులో. ఒకసారి గొడుగుల కొట్టు పెట్టి, వానాకాలం రాకముందే ఎత్తేశాడు. బద్ధకం వల్ల గడ్డం కూడా ఉంది.

దక్షిణామూర్తిగారు అబ్బులు ఇంటికెళ్లి ఒక్కొక్కటీ వింటున్నకొద్దీ కుర్చీ అంచుకు జరుగుతూ వచ్చారు. “కొట్టు దివాలా తీసినదా! గడ్డము సైతము ఉన్నదా!” అని లేచి నిలబడి, తన మెడలో కండువా తీసి అబ్బులు మెడలో వేశారు. జిల్లా మొత్తం మీద సంపూర్ణ సారూప్యత కలిగిన ఏకైక వ్యక్తి ఈయనే అని ప్రకటించారు. అబ్బులు గడ్డం గోక్కుంటూ కండువా వంక అయోమయంగా చూశాడు.

మరునాడు పాలకేంద్రం దగ్గర ఊరు ఊరంతా చేరింది. పోటీకి అర్హుడు అబ్బులొక్కడే అయితే, అబ్బులు ఏకగ్రీవంగా ప్రెసిడెంటు. అబ్బులు చెడ్డవాడేం కాదు. కానీ మొదలెట్టిన పని ఏదీ పూర్తి చేసినవాడు కాదు. వంతెన సంగతి అడిగితే, “పడవుంది గదండీ, తొందరేముంది” అన్నాడు. ఆ మాట విని కాంట్రాక్టరు అబ్బులుకు కొబ్బరి బొండాల గెల పంపించాడని కూడా తెలిసింది.

“మార్గం ఒకటే ఉంది” అన్నాడు సూరయ్య. ఎప్పుడూ నోరు తెరవని మనిషి మాట్లాడేసరికి అందరూ ఆగారు. “మా రత్నాన్ని ఓడించెయ్యండి. నీటి సంఘం ఎన్నికొస్తంది గదా. అందులో నిలబెట్టి ఓడించేస్తే పనైపోద్ది.”

“ఎంత మాటన్నావయ్యా!” అంటూ ఊరు కదిలిపోయింది. కానీ వేరే దారి లేదు.

ఎన్నిక దాకా ఉన్న పదిహేను రోజులూ నూకరత్నం ఇల్లిల్లూ తిరిగి తన మీద తనే ప్రచారం చేసుకుంది. “నాకు ఓటెయ్యకండి. నేను నోటి దురుసు మనిషిని. నాకు కాలవల గురించి ఏటీ తెలీదు. అబ్బులుకేసెయ్యండి” అని దణ్ణాలు పెట్టింది. జనం అలాగే అలాగే అన్నారు. ఓట్లు లెక్కపెట్టేసరికి నూకరత్నం అందరూ నోరు తెరిచేంత మెజారిటీతో గెలిచింది.

ఆవిడకు ఒళ్లు మండిపోయింది. “మీ కళ్లేవైనా పోయినియ్యా?” అని నడివీధిలో నిలబడి అరిచింది. అప్పుడు అసలు సంగతి బయటపడింది. ఓటు వేసే చోట ప్రతి మనిషీ ఒకటే అనుకున్నాడు: ఎలాగూ ఊరంతా వ్యతిరేకంగా వేసేస్తారు, పాపం మన నూకరత్నమ్మకి నా ఒక్క ఓటైనా పడనీ. అలా అందరూ రహస్యంగా జాలిపడడం వల్ల ఆవిడ గెలిచి ఊరుకుంది. నూకరత్నానికి కోపంతో పాటు కళ్లల్లో నీళ్లు కూడా తిరిగాయి. అభిమానం ఇంత అడ్డం పడుతుందని ఆవిడ ఎప్పుడూ అనుకోలేదు.

తర్వాత పాల సంఘం ఎన్నిక వచ్చింది. ఈసారి ఆవిడ జాలికి చోటివ్వలేదు. అందరినీ వరసలో నిలబెట్టి, పాల క్యాను మీద చెయ్యి వేయించి, అబ్బులుకే వేస్తామని ఒట్టు పెట్టించింది. పాలమ్ముకునేవాళ్లు పాల మీద ఒట్టు తప్పరు. నూకరత్నానికి ఒకే ఒక్క ఓటు పడింది.

“ఎవడాడు? ఒట్టు తిన్నోడెవడు?” అని ఆవిడ అడిగితే సూరయ్య తల వంచుకున్నాడు.

“నీకు ఒక్కటీ పడకపోతే ఏం బాగుంటాదే రత్నం” అన్నాడు మెల్లిగా.

ఆవిడ అతని చెయ్యి పట్టుకుని ఇంటిదారి పట్టింది.

అబ్బులు సంగతి వేరే. గెలిచావని చెప్పగానే ఖాళీ క్యాను మీద కూలబడిపోయాడు. “ఇప్పుడేం చెయ్యాలండీ?” అని అడిగాడు. పొద్దున్నే లేచి వచ్చి పాలు కొలవాలని చెప్పారు. అబ్బులు పొద్దున్నే లేచిన దాఖలా ఊళ్లో లేదు. కానీ మర్నాడు వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. వరసలో నిలబడ్డ ఒక ముసలావిడ, “అబ్బులుగారూ, నా పాలు ముందు కొలుద్దురూ” అంది. అబ్బులు వెనక్కి తిరిగి చూశాడు, వెనకాల ఇంకో అబ్బులుగారు ఎవరైనా ఉన్నారేమోనని. ఎవరూ లేరు. పుట్టాక అతని పేరు చివర ‘గారు’ చేరడం అదే మొదలు. ఆ రోజు నుంచి పాలల్లో నీళ్లు కలిపినవాడికి అబ్బులు చుక్కలు చూపించడం మొదలుపెట్టాడు.

దక్షిణామూర్తిగారు మళ్లీ ఊళ్లోకి రాగానే నూకరత్నం తన ఓటమి పట్టుకుని ఆయన ముందుకు వెళ్లింది. ఆయన విని, కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

“ఈ ఎన్నికలో తమరు ఓడిపోవలెనని కోరుకున్నారా?”

“కోరుకోవడవేంటండీ, కాళ్లు పట్టుకున్నాను!”

“కోరుకున్నది లభించినదా?”

“లభించిందండి.”

“కోరుకున్నది లభించుటను విజయము అందురు. ఓటమి అనరు. కావున ఇది తమరి మరియొక విజయముగా పరిగణించి, అర్హత తిరస్కరించడమైనది.”

ఇంత చేసి, ఊరంతటి చేతా ఒట్టు పెట్టించి, ఆఖరికి ఇదా! నూకరత్నానికి స్తంభాలు గుర్తొచ్చాయి. వాటి మీద కొంగలు వాలి ఉండడం గుర్తొచ్చింది. స్లాబు పడకపోతే అవి కొంగల కోసం కట్టిన స్తంభాలుగానే మిగిలిపోతాయి. అలా ఉడికిపోతుండగా ఆవిడకు మెరుపులా ఒకటి తట్టింది.

“అయ్యా, నీటి సంఘంలో నేను ఓడిపోవాలనుకున్నాను గదా?”

“అనుకున్నారు.”

“గెలిచేను గదా?”

“గెలిచినారు.”

“అయితే కోరుకున్నది దక్కలేదు గదండీ! కోరుకున్నది దక్కకపోటాన్ని మీ శాఖలో ఏవంటారండి?”

దక్షిణామూర్తిగారు నోరు తెరిచారు. నోట్లోంచి జీవో రాలేదు. తెరిచిన నోరు అలాగే మూసుకుని, పడవెక్కి వెళ్లిపోయారు.

ప్రధాన కార్యాలయంలో దీని మీద పెద్ద చర్చ జరిగిందట. ఒక వర్గం వారు గెలుపు గెలుపే అన్నారట. ఇంకో వర్గం వారు మనసులో కోరిక ఏమిటన్నదే ప్రమాణం అన్నారట. చివరికి ‘అవాంఛిత విజయము ఓటమితో సమానము’ అని తేల్చి, ఇకమీదట గెలుపోటములన్నీ అభ్యర్థి మనోవాంఛను బట్టే లెక్కించాలని ఉత్తర్వు ఇచ్చారు. నూకరత్నం అర్హురాలైంది. గడ్డం మీద మాత్రం నిర్ణయం ఇంకా రాలేదు. వచ్చేదాకా ఆవిడను ‘గడ్డము పెంపకము వాయిదా’ కోటాలో అనుమతించారు.

ఉత్తర్వు అందరికీ వర్తిస్తుంది గనుక దక్షిణామూర్తిగారు అబ్బులు మనోవాంఛలను కూడా విచారించాల్సి వచ్చింది. పాలకేంద్రంలోనే విచారణ. వరసలో ఉన్నవాళ్లంతా చెంబులు పట్టుకుని విన్నారు.

“ఇంతవరకు తమరు ఓడిన ఎన్నికలన్నింటిలో గెలవవలెనని మనస్ఫూర్తిగా కోరుకున్నారా?”

అబ్బులు పాలు కొలిచే గరిటె కింద పెట్టాడు. “లేదండి.”

“ఏమి?”

“గెలిస్తే పని చెయ్యాలి గదండీ. ఓడిపోతే ఏ గొడవా లేదు. అందరూ పిలిచి, అయ్యో అబ్బులూ అని టీ ఇస్తారు. నామినేషన్ వేసినప్పట్నుంచీ ఎక్కడ గెలిచేస్తానో అని నాకు నిద్ర పట్టేది కాదండి. పోయానని తెలిసేక హాయిగా పడుకునేవాణ్ణి.”

దక్షిణామూర్తిగారి ముఖం వాడిపోయింది. తన కండువా తీసి అబ్బులు మెడలో వేసిన మనిషి ఆయన. “అనగా తమరు కోరుకున్నది ప్రతిసారి లభించినది. తమరు ఇప్పటివరకు ఒక్కసారియు ఓడిపోలేదు. జిల్లాలో ఇంతటి అవిచ్ఛిన్న విజేత మరియొకరు లేరు. తమరి అర్హత రద్దు చేయడమైనది.”

“అదేటండీ!” అంది వరసలోని ముసలావిడ. “మరి ఈ పాల సంఘం గెలవాలనుకున్నాడా ఏటి? క్యాను మీద కూలబడిపోయేడు గదా!”

దక్షిణామూర్తిగారు అబ్బులు వైపు తిరిగారు. “ఈ గెలుపు తమరికి వాంఛితమా?”

“అప్పుడు కాదండి. ఇప్పుడైతే వదల్లేను.”

“శాఖకు అప్పటిది మాత్రమే ప్రమాణము. కోరని గెలుపు గనుక ఇది ఓటమి. తమరి అర్హత పునరుద్ధరించడమైనది” అని, ఆయన అక్కడే ఒక గ్లాసు పాలు అడిగి తాగారు. అంత తిరిగేసరికి మనిషికి కళ్లు తిరిగినట్టున్నాయి.

అలా ప్రెసిడెంటు ఎన్నికలో నూకరత్నం, అబ్బులు ఎదురెదురుగా నిలబడ్డారు. తమాషా ఏమిటంటే, ఈసారి అబ్బులుకు నిజంగా గెలవాలనుంది. అర్హత ఖాయమైపోయింది గనుక గడ్డం గీయించుకున్నాడు. ఇస్త్రీ చొక్కా వేశాడు. ఇంటింటికీ వెళ్లి, “మీ గేదె ఎలా ఉందండీ” అని అడిగి మరీ ఓటు అడిగాడు. పాలవాళ్లకు అతను నచ్చాడు. నీళ్లు కలపనివ్వని మనిషి వంతెన కట్టించలేడా అన్నవాళ్లూ బయల్దేరారు. అబ్బులు కాంట్రాక్టరు పంపిన కొబ్బరి బొండాల గెల మోసుకెళ్లి వెనక్కి ఇచ్చేశాడు. వంతెన పూర్తి చేస్తానని చెప్పాడు. చెప్పడమైతే చెప్పాడు గాని, పూర్తి చేస్తాడో లేదో అతనికే తెలియదు, ఊరికీ తెలియదు.

నూకరత్నం ఇంటింటికీ వెళ్లి, “నాకే ఓటెయ్యండి” అంటే జనం అనుమానంగా చూశారు.

“నిజంగా వెయ్యమంటున్నావా, ఒద్దంటున్నావా? ముందది సెప్పు” అని గుమ్మంలోనే నిలబెట్టి అడిగారు.

“నిజంగానే!”

“పోయినసారి క్యాను మీద ఒట్టేయించేవు గదా. ఆ ఒట్టు తీరిపోయిందా?”

ఆవిడ మళ్లీ అందరినీ వరసలో నిలబెట్టి పాత ఒట్టును తీయించాల్సి వచ్చింది. ఒట్టు వేయించడం కన్నా తీయించడం కష్టమని ఆ రోజు తెలిసింది. కొందరు రానే రాలేదు.

ఎన్నిక ముందు రోజు నూకరత్నం కంచం ముందు కూర్చుని అన్నం కలుపుతూ ఉండిపోయింది గాని తినలేదు. ఆవిడకు భయం వేసింది. జన్మలో ఎప్పుడూ వెయ్యని భయం. ఓడిపోతానేమో అన్న భయం ఇలా ఉంటుందని ఆవిడకు అంతవరకు తెలియదు. అది కడుపులో ఒక మూల కూర్చుని కదలడం లేదు.

“నా ఓటు నీకేనే” అన్నాడు సూరయ్య మజ్జిగ పోస్తూ.

“ఆ మాత్రం తెలుసు” అంది గాని, ఆవిడకు కాస్త ఊపిరి ఆడింది.

ఓట్ల లెక్కింపు మధ్యాహ్నం దాకా సాగింది. ఒకసారి అబ్బులు ముందుండేవాడు, ఒకసారి నూకరత్నం. ఆఖరికి నూకరత్నం గెలిచింది. నీటి సంఘంలో వచ్చిన మెజారిటీలో పదో వంతు కూడా లేదు. ఊపిరి పీల్చుకుని ఆవిడ చుట్టూ చూసింది. అబ్బులు కనిపించలేదు. జనం అలవాటు ప్రకారం, “అయ్యో అబ్బులూ, రా, టీ తాగు” అని పిలుస్తున్నారు. అతను టీ తాగడానికి రాలేదు.

పాలకేంద్రం వెనకాల, ఖాళీ క్యాను మీద కూర్చుని ఉన్నాడు. నూకరత్నం వెళ్లి పక్క క్యాను తిరగేసి కూర్చుంది.

“వదినా” అన్నాడు అబ్బులు, ముఖం తిప్పుకుని. “ఇన్నిసార్లు ఓడిపోయేనని ఊరంతా అనుకున్నారు గాని, నేను ఎప్పుడూ ఓడిపోలేదే. ఇదిగో, ఇప్పుడు ఓడిపోయేను. ఇంత నొప్పిగా ఉంటాదని నాకు తెలీదు.”

నూకరత్నానికి నిన్నటి భయం గుర్తొచ్చింది. అది తన కడుపులోంచి లేచి వచ్చి ఇతని పక్కన కూర్చున్నట్టనిపించింది. పాపం అనిపించింది. మామూలుగా జనం అబ్బులును చూసి అనుకునే పాపం కాదు అది. “ఏడవకు, అబ్బులుగారూ” అంది.

‘గారు’ వినేసరికి అబ్బులు బావురుమన్నాడు.

“నీకో పని చెప్తాను, చేస్తావా?” అంది ఆవిడ, అతను తేరుకున్నాక. “ఆ కాంట్రాక్టరు నేను ఈ ఒడ్డునుంటే ఆ ఒడ్డుకెళ్లి ఇసుక కలిపేస్తన్నాడు. నేనొక్కదాన్నీ రెండు ఒడ్లూ కాయలేకపోతన్నాను. పాలల్లో నీళ్లు పట్టినోడివి, సిమెంటులో ఇసుక పట్టలేవా?”

అబ్బులు చొక్కాతో ముఖం తుడుచుకున్నాడు. “గొడుగు ఉందా?” అని అడిగాడు. “గొడుగుల కొట్టు ఎత్తేసినప్పుడు ఒకటి ఉంచుకున్నాలే. అదే తెచ్చుకుంటాను” అని తనే జవాబు చెప్పుకున్నాడు.

ఆ తర్వాత కాంట్రాక్టరు ఈ ఒడ్డున చూస్తే ఒక గొడుగు, ఆ ఒడ్డున చూస్తే ఇంకో గొడుగు. మధ్యలో గోదావరి. పారిపోవడానికి చోటు లేక అతను వంతెన పూర్తి చేశాడు. వరదలు రాకముందే స్లాబు పడింది. మొదటి రోజు ఊరంతా పని లేకపోయినా అటూ ఇటూ నడిచారు. పాలు చుక్క తొణక్కుండా అవతలికి వెళ్లాయని అబ్బులు అందరికీ చెప్పాడు. అబ్బులు మొదలెట్టి పూర్తి చేసిన తొలి పని ఆ వంతెన కాపలాయే. నూకరత్నం వంతెన మధ్యలో నిలబడి కాసేపు ఏడ్చింది. ఎండకు కళ్లల్లో నీళ్లొస్తున్నాయంది గాని, గొడుగు వేసుకునే ఉంది.

ఆ తర్వాత కొన్నాళ్లకు పెద్ద ఎన్నికలు వచ్చాయి. అందులో ఆదర్శ నాయకత్వ శాఖ మంత్రిగారు ఓడిపోయారు. డిపాజిట్ కూడా పోయింది. ఒకరోజు పొద్దున్న దక్షిణామూర్తిగారు వంతెన మీదుగా నడుచుకుంటూ పెసరట్ల కొట్టుకు వచ్చారు. ఇస్త్రీ మడత ఈసారి కొంచెం నలిగి ఉంది.

“వంతెన సంతృప్తికరముగా ఉన్నట్లు గమనించడమైనది” అన్నారు కూర్చుంటూ. “ఒక శుభవార్త తెలియజేయుటకు వచ్చితిని. మాజీ మంత్రివర్యులు ఓటమి అను అర్హతను సంపూర్ణముగా సాధించడమైనది. రాబోవు ఎన్నికలలో వారు ప్రెసిడెంటు పదవికి ఈ గ్రామము నుండియే పోటీ చేయదలచినారు. తమరి సహకారము కోరడమైనది.”

నూకరత్నం పెనం మీద నీళ్లు చిలకరించింది. “గెలవాలనుకునే ఓడిపోయేరా, ఓడిపోవాలనుకునే ఓడిపోయేరా?”

“గెలవవలెననియే. వెక్కి వెక్కి ఏడ్చినారు.”

“అయితే సరే. ఓటమి సరిపోద్ది” అంటూ ఆవిడ పిండి గుండ్రంగా తిప్పింది. “గడ్డం ఉందా?”

దక్షిణామూర్తిగారు గొంతు సవరించుకున్నారు. “ప్రస్తుతము లేదు.”

“పెంచుకుని రమ్మనండి. ఆడవాళ్లకైతే వాయిదా ఉంది గాని, మగవాళ్లకు లేదు గదా.” ఆవిడ అట్టు తిరగేసింది. “అయినా తొందరేం లేదని చెప్పండి. వరసలో మా అబ్బులుగారు ముందున్నారు.”

అవతల పాలకేంద్రం దగ్గర చెంబుల చప్పుడు వినిపిస్తోంది. దక్షిణామూర్తిగారు కాసేపు ఆలోచించి, అల్లం పచ్చడి ఇంకొంచెం మంజూరు చేయమని అడిగారు.